అమ్మ గుండెకు దొడ్డిదారి

మా అమ్మ వడియాలు పెట్టడం మానేసి రెండేళ్లయింది. "ఓపిక లేదే, కొనుక్కోండి" అంటే నిజమే కాబోలు అనుకున్నాం. అరవై ఎనిమిదేళ్ల మనిషి కదా! డాబా మెట్లు సగం ఎక్కేసరికి ఛాతీ బరువెక్కి కూర్చుండిపోతోందనీ, దానికి గ్యాస్ అని పేరు పెట్టి వాము నములుతోందనీ మాకెవరికీ తెలియదు.

తెలిసేసరికి ఆంజియోగ్రాం దాకా వచ్చాం. గుండె కుడి రక్తనాళం నూటికి నూరు శాతం మూసుకుపోయింది.

"మరి మనిషి ఇలా తిరుగుతోందేమిటండీ?" అన్నాను.

డాక్టరుగారు వీడియో చూపించారు. ఎడమ నాళంలోకి రంగుమందు పంపితే, అది వెంట్రుకల్లాంటి సన్నని దారుల్లో గుండె మధ్యగోడ దాటి, కుడి నాళం చివరి భాగానికి చేరుతోంది. పూడిక నెమ్మదిగా పెరిగినప్పుడు గుండె ఇలాంటి పక్కదారుల్ని వెడల్పు చేసుకుంటుందట. కొలాటరల్స్ అంటారు. కూర్చున్నప్పుడు ఆ రక్తం సరిపోతుంది, మెట్లెక్కితే చాలదు. అమ్మ ఎప్పుడు చూసినా ఆకుకూర బాగుచేస్తూ కూర్చునే ఎందుకుండేదో అప్పుడర్థమైంది.

మొదటిసారి మామూలు దారినే ప్రయత్నించారు. మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉండే తీగను ముందునుంచి పంపారు. మూడు నెలలు దాటిన పూర్తి పూడికను సీటీఓ అంటారు. దాని ముందు కొస చాలాసార్లు గట్టిపడి ఉంటుందట. తీగ దూరలేదు. రంగుమందు ఎక్కువైతే కిడ్నీలకు మంచిది కాదని ఆపేశారు.

ఇంకో పద్ధతి ఉందన్నారు, రెట్రోగ్రేడ్. జపాన్ డాక్టర్లు బాగా అభివృద్ధి చేసిందట. ఎడమ నాళంలోంచి ఆ పక్కదారి గుండా తీగను పంపి, పూడికను వెనకవైపు నుంచి అందుకుంటారు.

అమ్మ ఠక్కున అంది. "వీధి తలుపు గడియ పడితే దొడ్డిదారిన వచ్చి లోపల్నుంచి తీసినట్టన్నమాట!"

ఆయన నవ్వారు. "అంతేనమ్మా. కానీ వెళ్లాల్సింది బాగున్న నాళంలోంచి. ఇప్పుడు రెండువైపులా పోషిస్తున్నది అదొక్కటే. దానికి దెబ్బ తగిలితే ప్రమాదం. పక్కదారి చిల్లుపడితే గుండె చుట్టూ రక్తం చేరొచ్చు."

అన్నయ్య వెంటనే, "మందులతో నెట్టుకురావచ్చుగా? ఈ వయసులో ఏం కొండలెక్కాలి?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

డాక్టరుగారు అమ్మ వైపు తిరిగారు. "ఆయుష్షు పెరుగుతుందని మాటివ్వను. నొప్పీ ఆయాసం తగ్గడానికే ఇది. మందులతో ఉండటమూ ఒక దారే. ఇప్పుడు మీరు ఏం చేయలేకపోతున్నారమ్మా?"

ఆ ప్రశ్న ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. అమ్మ వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చింది. డాబా ఎక్కలేను. నీళ్ల బకెట్ ఎత్తలేను. గుడికి ఆగకుండా నడవలేను. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తినా ఆయాసమే. "కూర్చోబెట్టి పెడుతున్నారు, కాదనను. కానీ నా పని నేను చేసుకోవాలని ఉందండీ" అంది. కాగితం మీద తనే సంతకం పెట్టింది.

మణికట్టు దగ్గరా, తొడ దగ్గరా రెండు చోట్ల నుంచి గొట్టాలు వేశారు. అమ్మ మెలకువగానే ఉంది. వెనకనుంచి వచ్చిన తీగకు చోటివ్వడానికి ముందువైపు బెలూన్ ఉబ్బించి, ఆ తీగను ముందు గొట్టంలోకి ఎక్కించి బయటికి తీశారు. దాని మీదుగా మామూలు దారిన స్టెంట్లు పెట్టారు. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నేను దేవుణ్ణి మొక్కానో, అమ్మను క్షమాపణ అడిగానో నాకే తెలియదు.

రక్తం పలచబడే మందులు ఒక్కపూట కూడా మానకూడదన్నారు. గోడ మీద కాగితం అంటించాను.

మొన్న ఎండల్లో డాబా మీద నుంచి కేక వినబడింది, "గుడ్డ తెచ్చి పరవవే!" అని. వెళ్లి చూస్తే అమ్మ, గుమ్మడికాయ వడియాల పిండి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

మీ అమ్మో అత్తగారో ఈమధ్య ఏ పని మానేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. వయసైపోయిందని మనమే అనేసుకోకుండా, ఎందుకు మానేశారని అడగండి.