ఎడంగా నిలిచిన పంక్తులు

భూమిపై సంచరించి దేవుని సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అన్‌కబూత్ సూరాలో మానవులకు పిలుపునిస్తోంది. ప్రయాణం ఆ విధంగా విశ్వాసికి ఒక పాఠశాల. అయితే ప్రయాణాన్ని ఆపుకోవడమే ధర్మమయ్యే ఘడియలు కూడా ఉంటాయి. హిజ్రీ 18వ సంవత్సరంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి, అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. వ్యాధి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరిలో వ్యాధి వస్తే అక్కడినుండి పారిపోవద్దని దైవప్రవక్త (స) చేసిన బోధను హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడు వినిపించారు.

ఈ హదీసును మేము ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. 2020లో అది గ్రంథంలోనుండి లేచి మా ఇంటి గుమ్మంలో నిలబడింది.

మా కుమారుడు షార్జాలో ఉద్యోగం చేస్తున్నాడు. 2020 ఏప్రిల్‌లో అతనికి కొడుకు పుట్టాడు. అప్పటికే, మార్చి 23 నుండి, మన దేశానికి అంతర్జాతీయ విమానాల రాకపోకలు నిలిచిపోయాయి. తొమ్మిది నెలలపాటు ఆ పసివాడిని మేము ఫోను తెరమీదనే చూశాము. తరువాత రెండు దేశాల మధ్య ప్రత్యేక ఏర్పాటు కింద విమానాలు మొదలయ్యాయి. రమ్మని కుమారుడు టిక్కెట్లు పంపినప్పుడు, కడపలో మా వీధిలోనే రెండు ఇళ్ళలో ఇంకా దుఃఖం ఆరలేదు. ఇటువంటి కాలంలో వెళ్ళవచ్చునా అని ఇంట్లో చాలా ఆలోచించాము. రక్తసంబంధాన్ని కలుపుకోవడం ఆరాధనే. అయితే దానివల్ల ఇతరులకు హాని కలుగరాదు. అందుచేత పరీక్ష చేయించుకుని, వ్యాధి లేదని తేలిన పిమ్మటనే, 2021 జనవరిలో బయలుదేరాము.

ఆ దేశంలో మసీదులు 2020 మార్చి మధ్యలో మూతపడి, జూలై 1న మూడవ వంతుకన్నా తక్కువ మందితో తిరిగి తెరుచుకున్నాయి. జుమా నమాజు డిసెంబర్ 4న గాని ఆరంభం కాలేదు. మూసి ఉన్న రోజుల్లో ముఅజ్జిన్ ఇళ్ళలోనే నమాజు చేసుకోమని ప్రకటించేవాడని మా కుమారుడు గద్గద స్వరంతో చెప్పాడు. ఇది కొత్త విషయం కాదు. వాన కురిసి బురదగా ఉన్న ఒక రోజున హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన ముఅజ్జిన్ చేత ఇలాగే చెప్పించారు. మేము హాజరైన జుమాలో ఖుత్బా, నమాజు కలిపి పది నిమిషాల్లో ముగిశాయి. ఎవరి జానమాజ్ వారే తెచ్చుకున్నారు. స్త్రీల నమాజు గదులు ఇంకా తెరవలేదు. మా కోడలు మసీదులో అడుగుపెట్టి పది నెలలు దాటింది.

ఒక శనివారం పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలనుకున్నాము. మనుమరాలు పెద్ద బజారుకు పోదామంది. జనం గుమిగూడే చోటు వద్దని, కొండలు, సముద్రం ఉన్న తూర్పు తీరానికి బయలుదేరదీశాడు కుమారుడు. 2019లో ప్రారంభమైన షార్జా–ఖోర్‌ఫక్కాన్ రహదారి 89 కిలోమీటర్లు. హజర్ పర్వతాలను తొలిచి ఐదు సొరంగాలు వేశారు. మా నల్లమల కొండలు పచ్చదనాన్ని కప్పుకుని ఉంటాయి. ఇక్కడి కొండలు మాత్రం ఎముకల్లా నగ్నంగా, గోధుమ వన్నెతో నిలిచి ఉన్నాయి. సృష్టికర్త ఒకే మట్టికి ఎన్ని రూపాలిచ్చాడో!

ఖోర్‌ఫక్కాన్ అంటే రెండు దవడల సముద్రపాయ అని అర్థం. 1507లో పోర్చుగీసువారు ఈ రేవును దోచుకున్నారు. నేడు పడవలు ప్రశాంతంగా నిలిచి ఉన్నాయి. అక్కడినుండి ఉత్తరంగా కొద్ది దూరం పోతే ఫుజైరా ఎమిరేట్‌లోని బిదియా గ్రామం. ఆ దేశంలో నిలిచి ఉన్న మసీదులన్నింటిలోకీ పురాతనమైనది ఇక్కడే ఉంది. రాయి, మట్టితో 1446 ప్రాంతంలో కట్టారని పరిశోధకులు నిర్ణయించారు. లోపలి వైశాల్యం సుమారు 53 చదరపు మీటర్లే. నాలుగు చిన్న గుమ్మటాల భారాన్ని నడుమనున్న ఒకే స్తంభం మోస్తుంది. వెనుక గుట్టమీద పాత కావలి బురుజులు. ఎవరు కట్టించారో పేరు మిగలలేదు, సజ్దా స్థలం మాత్రం మిగిలింది.

మేము వెలుపలినుండే చూసి, బయటి ఖాళీ స్థలంలో జుహర్‌కు సిద్ధమయ్యాము. షార్జాలో పదిహేను రోజులకు మించి ఉండే సంకల్పంతో వచ్చినందున అక్కడ పూర్తి నమాజే చేసేవారము. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల దూరం దాటే ప్రయాణం కనుక ఇక్కడ రెండు రకాతుల ఖస్ర్ చేశాము. కుమారుడు రోజూ పదిమందిలో పనిచేసి వచ్చేవాడు. మాకు చక్కెర వ్యాధి ఉంది. అందుచేత అతడు తన జానమాజ్‌ను రెండు బారల దూరంలో పరిచాడు. వెనుక మా శ్రీమతి, కోడలు నిలిచారు. పది నెలల తరువాత జమాఅత్‌తో నమాజు దొరికిన ఆ కోడలు సలాము తిప్పిన తరువాత కూడా చాలాసేపు తల ఎత్తలేదు.

అప్పుడు మనుమరాలు అడిగింది: "దాదా, పంక్తిలో భుజానికి భుజం కలపాలని మీరే నేర్పారు కదా, మరి అబ్బా ఎందుకంత దూరం నిలుచున్నాడు?"

"అవును బేటీ, కలిసి నిలవమన్నది ప్రేమ పెరగడానికే. ఈనాడు ఎడంగా నిలవడమూ ఆ ప్రేమను కాపాడుకోవడానికే," అన్నాము. కారణం లేకుండా పంక్తిలో ఖాళీ వదలడం అనుచితమని, అవసరం ఏర్పడితే ఆ అనౌచిత్యం తొలగిపోతుందని ఫుఖహా వివరించారు. ఆ బిడ్డకు ఇది ఎంతవరకు అర్థమయిందో అల్లాహ్‌కే ఎరుక. కాని కొంతసేపటికి, సముద్రపు ఒడ్డున ఇంటినుండి తెచ్చుకున్న బగారా అన్నం, దాల్చా తింటున్నప్పుడు, అల్లంత దూరంలో కూర్చున్న ఒక కేరళ కుటుంబంలోని పిల్లవాడు మా వైపే చూస్తుండగా, ఆమె విప్పని ఖర్జూరాల పొట్లాన్ని మధ్యలో ఉన్న రాతిమీద ఉంచి వెనక్కు వచ్చింది. ఆ పిల్లవాడు వచ్చి తీసుకున్నాడు. మరికాసేపటికి అదే రాతిమీద అరటికాయ చిప్స్ పొట్లం కనిపించింది. పొరుగువారి హక్కును గురించి మేము ఇచ్చిన ఉపన్యాసాలన్నీ ఆ రాతిమీద ఒదిగిపోయాయి.

ఫిబ్రవరి మొదట్లో స్వదేశం చేరాము. మూడు నెలలు గడవకముందే రెండవ విజృంభణ వచ్చింది. ఏప్రిల్ 24 రాత్రినుండి ఆ దేశం భారత ప్రయాణికులకు ద్వారాలు మూసింది. గల్ఫ్‌లోని మన తెలుగు బిడ్డలు ఎందరో తల్లిదండ్రుల జనాజాను ఫోనులోనే చూడవలసి వచ్చింది. మనుమడిని ఎత్తుకున్న ఆ కొద్ది రోజులు ఎంతటి వరమో అప్పుడు తెలిసింది.

సోదర సోదరీమణులారా! ఆంక్షలు ఉన్నాయని బంధుత్వాన్ని చల్లారనీయకండి. బంధుత్వం పేరుతో ఎవరి ప్రాణాన్నీ ప్రమాదంలో పడవేయకండి. వెళ్ళగలిగితే జాగ్రత్తతో వెళ్ళండి. ఆగవలసివస్తే సహనంతో ఆగండి. సంకల్పం శుద్ధమైతే రెండింటికీ పుణ్యమున్నది. దూరమైనవారిని అల్లాహ్ క్షేమంగా కలుపుగాక! వీడ్కోలు చెప్పుకోకుండానే వెళ్ళిపోయినవారిని తన కారుణ్యఛాయలో ఉంచుగాక! ఆమీన్.