పిలుపు వస్తే పోయేవాళ్లు

కాజీపేట దాటి బల్లార్షా వైపు సాగే రైలులో రామగుండం దగ్గరపడిందని ఎవరినీ అడగనక్కరలేదు. విద్యుత్ కేంద్రం పొగగొట్టాలే దూరాన్నుంచి పలకరిస్తాయి. రైలు దిగి ఆటోలో గోదావరిఖని చేరేసరికి నా చొక్కా కాస్త రంగు మారింది. "బొగ్గు ఊరికి తెల్లబట్టలేంది తమ్మీ!" అని అక్క నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న మా మేనల్లుడు టెరిటోరియల్ ఆర్మీకి దరఖాస్తు పెడతానన్నాడట. "తండ్రి బాయిల, కొడుకు సరిహద్దుల. నేనెవరి కోసమని ఎదురుచూడాలె?" అన్నది అక్క. పంచాయతీ నా నెత్తిన పడింది.

నాకు తెలిసింది చెప్పాను. 1948లో చట్టం చేశారు. 1949 అక్టోబరు 9న రాజగోపాలాచారిగారు ఈ సేనను ప్రారంభించారు. 18 నుంచి 42 ఏళ్ల లోపువారు చేరవచ్చు. తమ పని తాము చేసుకుంటూనే ఏటా కొంతకాలం శిక్షణ పొందాలి. పిలుపు వచ్చి వెళ్లినవాణ్ణి తిరిగి కొలువులోకి తీసుకోవలసిన బాధ్యతను చట్టమే యజమానిపై పెట్టింది. యుద్ధానికి చాలినంత సైన్యాన్ని ఏడాది పొడుగునా పోషించడం ఏ దేశానికైనా కష్టమే. చిన్న దేశమైన ఫిన్లాండు యుద్ధం వస్తే 2,80,000 మందిని నిలబెట్టగలదు. వారిలో ఎక్కువమంది మామూలు రోజుల్లో ఇళ్లలోనే ఉంటారు.

"మరి పిలుస్తరా, పిలువరా?" అక్క సూటిగా అడిగింది.

దాచడం నావల్ల కాలేదు. 1962, 1965, 1971 యుద్ధాలలో ఈ సేన పనిచేసింది. 2025 మేలో కూడా 32 పదాతి పటాలాల్లో 14ను రప్పించే అధికారాన్ని ప్రభుత్వం సైన్యాధిపతికి ఇచ్చింది. అక్క మారు మాట్లాడక వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం బావతో గోదావరి ఒడ్డుకు నడిచాను. దారిలో షిఫ్టు దిగినవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకొని ఇళ్లకు పోతున్నారు. గుమ్మాల్లో వాళ్ల కోసం చూసే ఆడవాళ్లు. ఆ చూపు ఈ ఊళ్లో ఇంటింటిదీ.

2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు చొచ్చుకువచ్చి 17 మంది చనిపోయారు. ఆ తరువాతనే బావ రెస్క్యూ శిక్షణకు పేరిచ్చాడు. రోజూ అందరిలాగే బాయి పని. మధ్య మధ్య సాధన, వైద్య పరీక్షలు. ప్రమాదం జరిగిందంటే మాత్రం అందరూ పైకి వచ్చే దారిలో ఆక్సిజన్ పరికరం కట్టుకొని లోపలికి దిగాలి.

"నేను పేరిచ్చిననాడు మీ అక్క మూడు దినాలు మాట్లాడలే," అన్నాడు బావ. "నాలుగోనాడు ఒక్కటే అడిగింది: లోపల మీరే ఉంటే ఎవరొస్తరు అని. ఎవరో ఒకరు రావాలె గద! పోరడూ గదే అంటుండు."

ఇంటికి వచ్చి ఈ మాట అక్కతో చెప్పాను. వినీ విననట్లు ఊరుకుంది.

మర్నాడు నేను రైలుకు బయలుదేరుతుంటే సంచీలో నా తెల్లచొక్కా కనబడలేదు. అడిగితే అక్క ఎటో చూస్తూ అన్నది:

"ఉతికి ఇస్త్రీ చేసిన. ఉండనియ్యి తమ్మీ. దరఖాస్తుకు పోరడు ఫోటో దిగాలెనట."