చెయ్యి చాపి నిలబడ్డాడు

మా క్లాస్‌మేట్ పోయి ఏడాది కావస్తోంది. వాట్సాప్ గ్రూపులో వాడి నంబరు ఇంకా ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

వాడిది ఎదుర్లంక, నాది యానాం. మధ్యలో గౌతమి గోదావరి. మా డిగ్రీ రోజుల్లో వంతెన లేదు, పంటు మీదే దాటాలి. పంటు లేటయితే రేవు నుంచి కాలేజీ దాకా ఒకటే పరుగు. అటెండెన్స్ కోసం అలా పరిగెత్తేవాణ్ని చూసి, పీడీ సార్ గ్రౌండ్‌లోకి లాగారు.

మా కాలేజీ పాండిచ్చేరి యూనివర్సిటీ కింద. పోటీలంటే 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కాకినాడలో రైలెక్కి, మద్రాసులో దిగి, మళ్లీ బస్సు. అంత దూరం వెళ్లి, 4×400 మీటర్ల రిలేలో వాడికి అందించాల్సిన బ్యాటన్ జారవిడిచాను.

పడేసినవాడే తీయాలి. 20 మీటర్ల హద్దులోనే చేతులు మారాలి. మిగతా జట్లు వెళ్లిపోయాయి. వాడు ఒక్క మాట అనలేదు, చెయ్యి చాపి నిలబడ్డాడు. అందుకున్నాక, గెలుస్తామన్నట్టే పరిగెత్తాడు. ఆఖరున వచ్చాం. తిరుగు రైల్లో నేను ఏడుస్తుంటే, "ఇంత దూరం వచ్చి మధ్యలో ఆగిపోతామేంట్రా?" అన్నాడు.

2002లో వంతెన వచ్చింది. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జి.ఎం.సి. బాలయోగిదీ ఎదుర్లంకే, దానికి ఆయన పేరే పెట్టారు. మావాడికి స్పోర్ట్స్ కోటా ఉద్యోగం రాలేదు. రొయ్యల చెరువుల దగ్గర లెక్కలు రాసుకునేవాడు. పొద్దున్నే వంతెన మీద పరుగు మాత్రం మానలేదు. వెనకాల నలుగురైదుగురు పిల్లలు.

ఓ రాత్రి ఛాతీలో మంట. గ్యాసేమోనని సోడా తాగి పడుకున్నాడట. రోజూ పరిగెత్తేవాడి గుండెకేమవుతుందని ఇంట్లోవాళ్ల ధైర్యం. మేమున్నా అదే అనేవాళ్లం. తెల్లారి కాకినాడ తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు... ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఎంత ఫిట్‌గా ఉన్నా సరే.

అంతకు రెండ్రోజుల ముందే వాడు నాకు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నా, తర్వాత చేద్దామనుకున్నా. చెయ్యలేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు పొద్దున్నే వంతెన మీదకి వెళ్లాను. ఆ పిల్లలు పరిగెడుతున్నారు. నేనూ మొదలెట్టి, సగం కూడా వెళ్లకుండానే ఆయాసంతో ఆగిపోయాను. ఒకడు వెనక్కి తిరిగి, "నడిచైనా అవతలికి రండంకుల్, మా సార్ మధ్యలో ఆగనిచ్చేవారు కాదు" అన్నాడు.

నడిచాను. ఎదుర్లంక దాకా.