పది సెకన్ల కొట్టు

మా బావమరిది స్వగృహ ఫుడ్స్‌కి టీవీ ప్రకటన కావాలట. కాగితం మీద రాసుకొచ్చాడు: నాన్నగారి ఫొటో, మూడు బ్రాంచీలు, ఫోన్ నంబరు, దసరా డిస్కౌంటు, చివర్లో తన నమస్కారం. చానళ్లు రేటు చెప్పేది 10 సెకన్ల లెక్కన. అందులో తీరిగ్గా పలికితే పాతిక మాటలు పట్టడమే గగనం. ఏది తీసేద్దామన్నా ప్రాణం పోయినట్టు చూస్తాడు. తప్పు పట్టలేం, అతనికి అన్నీ ముఖ్యమే.

1976లో దూరదర్శన్ ప్రకటనలకు తలుపు తీసింది. ఇప్పుడు లోకల్ కేబుల్ పుణ్యమా అని వీధి చివరి కొట్టుకూ తెర అందుతోంది. అయితే చూసేవాళ్లకు గుర్తుండేది ఒక్కటే. లలితా జ్యువెలరీ యజమాని తనే గుండుతో వచ్చి ‘డబ్బులు ఊరికే రావు’ అన్నారు. ఊరంతా అదే మాట!

నేనైతే మూకుడు చాలంటాను. జంతికల గొట్టం నుంచి పిండి తీగలా జారి, నూనెలో చుట్టలు తిరుగుతూ నురగ కక్కాలి. ఆ చిటపటలు వినిపించాలంటే మాటలు ఆపాలి. డబ్బు పోసి కొన్న సెకన్లలో నోరు మూసుకోవడానికి గుండె కావాలి మరి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ప్రకటన చూసి మర్నాడు జనం ఎగబడితే, జంతికలు సరిపోతాయా?