డెబ్బై ఏళ్ల కుర్రాడు



పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లలను ఇంగ్లీషులో ఒక పేరాగ్రాఫ్ రాయమన్నాను. అంశం: వయసు మీద పడినా పాట వదలని గాయకుడు. ఉదాహరణగా మిక్ జాగర్ గురించి చెప్పాను. 1943లో పుట్టిన ఈ ఇంగ్లండ్ రాక్ గాయకుడు 80 ఏళ్ల వయసులో, 2024లో, అమెరికాలో ఎన్నో నగరాలు తిరుగుతూ స్టేడియంలలో పాడారు. వేదిక మీద ఆయన పరుగులు చూస్తే మనకే ఆయాసం వస్తుంది.

వెనక బెంచీలో ఒక బాబు లేచి, "టీచర్, అట్లాంటోళ్లు మన దగ్గర లేరా?" అని అడిగాడు. సిలబస్ వెనకబడి ఉంది, యూనిట్ టెస్ట్ దగ్గర పడింది. "ముందు చెప్పింది రాయి, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ పీరియడ్‌లో మళ్లీ నోరు తెరవలేదు.

సాయంత్రం నాదర్‌గుల్ నుంచి ఇంటికి వెళ్తుంటే ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. నాకింకా ముప్ఫై నిండలేదు. కానీ ఆ నిమిషంలో మాత్రం క్లాసులో ముసలిదాన్ని నేనే అనిపించింది.

మర్నాడు ఆ బాబుకు జవాబు తీసుకెళ్లాను: గద్దర్.

మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు గారు కెనరా బ్యాంకులో గుమాస్తాగా పనిచేశారు. 1984లో ఆ ఉద్యోగం వదిలేశారు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, అంతే ఆయన సరంజామా. ఒగ్గు కథ, బుర్రకథ లాంటి మన పల్లె కళల నుంచి తన ఆట, పాట తయారు చేసుకున్నారు. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్నాచెల్లెళ్ల పాటకు నంది అవార్డు వస్తే వద్దన్నారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. దాన్ని మోస్తూనే ఇంకో పాతికేళ్లు గజ్జె కట్టి ఆడారు. తెలంగాణ ఉద్యమంలో ఆయన పాటకు కాలు కదిపిన వాళ్లలో చాలామంది ఆయన మనవల వయసు వాళ్లే.

ఆయన రాజకీయాలు మీ అందరికీ నచ్చాలని నేను అనను. నేను చెప్పాలనుకున్నది వేరే. ఓటు వద్దన్న ఉద్యమంతో ఏళ్ల తరబడి నడిచిన మనిషి, 2018లో జీవితంలో మొదటిసారి లైన్లో నిలబడి ఓటు వేశారు. పాత సహచరుల్లో కొందరికి ఆ మార్పు నచ్చలేదు. ఆ వయసులో అన్న మాట మీదే ఉండిపోతే గౌరవానికి లోటు ఉండేది కాదు. అయినా అందరి ముందూ తన పాత మాటను తానే ప్రశ్నించుకున్నారు. జుట్టుకు రంగు వేసుకోవడం కన్నా ఇది కష్టమైన పని. ఆయన కుర్రతనం నాకు అక్కడే కనిపించింది.

ఇంకో సంగతి చెబితే పిల్లలు ఆశ్చర్యపోయారు. జీవితమంతా ఎదురు తిరిగిన ఆ మనిషి ఆల్వాల్‌లో పేద పిల్లల కోసం మహాబోధి విద్యాలయం అనే బడి పెట్టారు. 2023 ఆగస్టు 6న ఆయన పోయారు. ఎల్బీ స్టేడియం నుంచి జనం మధ్య సాగిన అంతిమయాత్ర ఆ బడి దగ్గరే ఆగింది. అక్కడే ఆయన సమాధి ఉంది.

పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీలో చాలామంది నాతో అనే మాట ఒకటుంది. "టీచర్, మావాడు ఈ మధ్య ఎదురు మాట్లాడుతున్నాడండీ." మీ బాధ నాకు తెలుసు. ఫీజులు కట్టి, పొద్దున్నే లేచి టిఫిన్ బాక్సులు సర్ది, ట్రాఫిక్‌లో ఆఫీసుకు పరుగెత్తి, రాత్రి ఇంటికొచ్చేసరికి "ఎందుకు?" అని వినిపిస్తే ఓపిక ఉండదు. ఆ రోజు నాకూ లేదు. హోంవర్క్ ఎగ్గొట్టడం, పెద్దవాళ్లను తూలనాడటం వేరు, వాటిని సరిదిద్దాల్సిందే. కానీ "ఎందుకు?" అని అడగడం ఆ లెక్కలోకి రాదు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే పిల్లలు మంచిగా మారరు, మనతో మాట్లాడటం మానేస్తారు.

అందుకే ఆ మర్నాడు క్లాసు ముందే ఆ బాబుకు చెప్పాను: "నిన్న నువ్వు అడిగింది మంచి ప్రశ్న. కూర్చోమనడం నా తప్పు." వాడు సిగ్గుపడి తల దించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత కొత్త పేరాగ్రాఫ్ తెచ్చాడు. ఇంట్లో గద్దర్ పేరు ఎత్తగానే వాళ్ల తాతగారు మోకాళ్ల నొప్పి సంగతి మర్చిపోయి, హాల్లో లేచి నిలబడి అడుగు వేసి చూపించారట. స్పెల్లింగ్ తప్పులు ఆరు ఉన్నాయి. అన్నీ దిద్దాను. మార్కులు మాత్రం నిండుగా వేశాను.

ఈ వారం భోజనాల దగ్గర మీ పిల్లలకు ఒక విషయం చెప్పండి: మీరు ఒకప్పుడు గట్టిగా నమ్మి, తర్వాత మార్చుకున్న అభిప్రాయం ఏమిటో. ఎందుకు మార్చుకున్నారని వాళ్లు తప్పకుండా అడుగుతారు. అడగనివ్వండి.