నమూనా – నిలుపుదల

తెలుగు పాఠం చెప్పేవానికి విద్యుత్ వలయాలతో పనేమిటని మీలో కొందరికి సందేహం కలుగవచ్చును. నిజమే, నేను చదివినది ఎం.ఏ. తెలుగు. అయితే నిరుడు మన బి.ఎస్‌సీ. విద్యార్థి ఒకడు, పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు, ఎలక్ట్రానిక్స్ పుస్తకంలోని రెండు పుటలు నా ముందు పెట్టి, "సార్, ఈ ఇంగ్లీషు ఎంత చదివినా తలకెక్కడం లేదు. కోర్సు మానేద్దామనుకుంటున్నాను" అన్నాడు. ఆ పుటలలో ఉన్నది 'శాంపిల్ అండ్ హోల్డ్' వలయం. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని వద్ద కూర్చుండి ముందు నేను తెలుసుకొని, పిమ్మట అతనికి చెప్పిన విషయాన్నే ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట పేరు సంగతి. శాంపిల్ అంటే నమూనా. ఇది పారసీ మాట. ఉర్దూ వారిదీ ఇదే, తెలుగు వారిదీ ఇదే. అంటే వలయం పేరులో సగం మనకు ఇంటి మాటే. ఇది చెప్పగానే ఆ విద్యార్థి ముఖంలో బెదురు కొంత తగ్గింది.

ఇక అవసరం సంగతి. మైకు నుండి వచ్చే వోల్టేజి క్షణమైనా నిలకడగా ఉండదు. కంప్యూటరుకు అంకెలు తప్ప మరొకటి తెలియదు. వోల్టేజిని అంకెగా మార్చే పరికరానికి కొంత వ్యవధి కావాలి. 0 నుండి 10 వోల్టుల వరకు కొలిచే 12 బిట్ల పరికరాన్ని తీసుకోండి. ఆ 10 వోల్టులు 4096 మెట్లు. మెట్టుకు సుమారు 2.4 మిల్లీవోల్టులు. అది 5 వోల్టుల కంటె ఎక్కువా తక్కువా అని మొదట అడుగుతుంది, పిమ్మట మిగిలిన భాగంలో సగం, అందులో సగం, ఇలా పన్నెండు ప్రశ్నలు. పిల్లలు మనసులో అనుకున్న అంకెను కనిపెట్టే ఆట వంటిదే. దీనికి 10 మైక్రోసెకన్లు పట్టిందనుకుందాం. ప్రశ్నలు ముగిసేలోగా వోల్టేజి అరమెట్టు కదిలితే జవాబును నమ్మరాదు. లెక్క వేసి చూస్తే, పూర్తి 10 వోల్టుల మేర ఊగే తరంగం సెకనుకు నాలుగుసార్లు ఊగినా ఆ పరికరం సరిగా కొలవలేదు! మనిషి గొంతు సెకనుకు వందలసార్లు కంపిస్తుంది. కుళాయి కింద నిండుతున్న బిందెలో పుల్ల ముంచి నీరెంతో కొలవాలంటే, ముందు కుళాయి కట్టేయాలి కదా!

ఆ కట్టే పనే ఈ వలయం చేస్తుంది. ఒక స్విచ్చి, ఒక కెపాసిటరు, ఆ వెనుక ఒక బఫరు: సామగ్రి ఇంతే. స్విచ్చి మూసి ఉన్నంతసేపు కెపాసిటరు వోల్టేజి వెంటనే నడుస్తుంది. ఆజ్ఞ అందగానే స్విచ్చి తెరుచుకుంటుంది. ఆ క్షణాన ఉన్న వోల్టేజి కెపాసిటరులో నిలిచిపోతుంది. బఫరు ఆ వోల్టేజిని దాదాపు ఏమీ ఖర్చు చేయకుండా చూపుతుంది. ప్రయోగశాలలో ఆసిలోస్కోపు తెర మీద నున్నని అల కాస్తా మెట్లమెట్లుగా మారడం చూసి నేను చాలాసేపు అక్కడి నుండి కదలలేదు.

ఒక చిన్న ముచ్చట. కెపాసిటరులో చేరేదానిని మన పాఠ్యపుస్తకాలు 'ఆవేశం' అన్నాయి. మా సాహిత్యంలోని ఆవేశం లాగానే ఇదీ ఎక్కువకాలం నిలవదు, కొద్దికొద్దిగా కారిపోతుంది. దీనినే ఇంగ్లీషులో 'డ్రూప్' అంటారు. ప్రసిద్ధమైన ఎల్.ఎఫ్. 398 చిప్పుకు 1 మైక్రోఫారడ్ కెపాసిటరు తగిలిస్తే, ఈ తరుగు నిమిషానికి 5 మిల్లీవోల్టుల వరకు తగ్గించవచ్చునని దాని తయారీదారులే పేర్కొన్నారు. అయితే కెపాసిటరు ఎంత పెద్దదైతే నిండడానికి అంత జాప్యం. చిన్నదైతే త్వరగా నిండి త్వరగా తరుగుతుంది. పరీక్షలో అడిగేది తరచుగా ఈ ఇరకాటాన్నే. అది చాలదన్నట్లు, కొన్ని రకాల కెపాసిటర్లు ఖాళీ చేసిన తరువాత కూడా పాత వోల్టేజిని కొంత జ్ఞాపకం పెట్టుకుంటాయి. అందువల్లనే పాలిస్టైరీన్, పాలిప్రొపిలీన్ రకాలు వాడమంటారు.

నేడు ఈ వలయం విడిగా కనబడడం అరుదు; మార్పిడి చిప్పులోనే ఇమిడిపోతున్నది. కాబట్టి ఇది పాత పాఠమని కొందరు దాటవేస్తారు. నాకది సమ్మతం కాదు. డిజిటల్ టెలిఫోను మన మాటను సెకనుకు 8,000 సార్లు, అంటే 125 మైక్రోసెకన్లకొకసారి, నమూనా తీస్తుంది. సి.డి.లోని పాటకు అది సెకనుకు 44,100 సార్లు. ఇన్నిసార్లు జరిగే పనిని చిప్పులో దాగినంత మాత్రాన తెలుసుకోనక్కరలేదా?

ఆ విద్యార్థి కోర్సు మానలేదు. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన స్నేహితునితో కలిసి ఉర్దూ–తెలుగు సాంకేతిక పదాల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాడు. కమిటీ పెద్దలు అనుగ్రహించి దాని ప్రతులు తీయిస్తే గ్రంథాలయంలో ఉంచవచ్చును. 'హోల్డ్'కు ఒకడు 'ఠహ్‌రావ్' అన్నాడు, మరొకడు 'నిలుపుదల' అన్నాడు, రెండూ వ్రాసుకున్నారు. 'డ్రూప్' దగ్గర మాత్రం 'ఉతార్' అని అతడు, 'తరుగు' అని ఇతడు, వాదం ఇంకా తేలలేదు.