నాయనమ్మ పలికిన 'కుల్'

ఎర్రగడ్డకు వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం మసీదుకు ఆలస్యంగా చేరి, ఒంటరిగా మగ్రిబ్ నమాజు చదువుకున్నాను. ముగించి సలాం చెప్పగానే పక్కనున్న పెద్దాయన నెమ్మదిగా, "భాయ్, మీరు 'చెప్పు' అనవలసిన చోట 'తిను' అంటున్నారు" అన్నారు.

ఖురానులోని 112వ సూరా మొదటి మాట అది. నాలుక మూలం కొండనాలుక దగ్గర తాకితే పుట్టే ఖాఫ్‌తో పలికితే 'చెప్పు' అని అర్థం. మన 'క'తో పలికితే 'తిను'!

మాది ప్రకాశం జిల్లాలో దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే తప్ప ఉర్దూ లేదు. తెలుగు లిపిలో అచ్చయిన నమాజు పుస్తకాన్ని తాత చదువుతూ ఉంటే నాయనమ్మ విని కంఠస్థం చేసింది, ఆమె నోటివెంట నేను నేర్చుకున్నాను. ఆమె జీవితాంతం 'కుల్' అనే చదివి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం నా తప్పు కాదు.

మన లిపిలో వ్రాయలేని ధ్వని లేదని గర్వంగా చెప్పుకుంటూ ఉంటాం. అరబ్బీ అక్షరాలు ఇరవై ఎనిమిదే గానీ, వాటిలో మూడు మనకు 'స' అవుతాయి, నాలుగు 'జ' అవుతాయి. గొంతు మధ్యనుంచి రావలసిన ఐన్ వట్టి 'అ'గా మిగులుతుంది. హృదయానికీ కుక్కకూ ఉన్న తేడా కూడా ఈ ఖాఫ్, కాఫ్‌లదే. 2021లో యూనికోడ్ తెలుగుకు నుక్తాను చేర్చింది. అక్షరం కింద చుక్క పెట్టుకోవచ్చు, సంతోషమే. గొంతు మాట ఏమిటి?

నెల రోజులు ఆ పెద్దాయన దగ్గర కూర్చున్నాను. 1429లో మరణించిన ఇబ్నుల్ జజరీ పదిహేడు ఉచ్చారణ స్థానాలు చెప్పాడట. కంఠ్యాలు, తాలవ్యాలు అంటూ బడిలో వల్లించిన మనకు ఆ పద్ధతి కొత్తదేమీ కాదు. కొత్తదల్లా ఆ కష్టమే. దగ్గు వచ్చేది, ఖాఫ్ వచ్చేది కాదు.

అన్నట్టు, ఖాఫ్ అని నేను వ్రాయడం కూడా హైదరాబాదీ అలవాటే. నమాజులో అంత శుద్ధంగా పలికే ఆయన, మాటల్లో మాత్రం సమాధినీ 'ఖబర్' అంటారు, వార్తనూ 'ఖబర్' అంటారు. ఒకసారి అడిగేశాను. "నోరు దక్కనీది కదా" అని హాయిగా నవ్వారు.

చివరికి నాయనమ్మ సంగతి ఎత్తాను. తడబడుతూ, కష్టపడుతూ ఖురాను చదివేవారికి రెండు ప్రతిఫలాలని బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ హదీసు ఉందన్నారు. కాసేపాగి, "అది ఆమెకు. నేర్చుకునే వీలుండి మానేస్తే మీ లెక్క వేరు" అన్నారు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు మేనత్త పక్కగదిలో నమాజు చదువుతోంది. గొంతు అచ్చం నాయనమ్మదే. 'కుల్' అంది.

నేను దిద్దలేదు.